తోకముక్కకి తలకాయ

ఎనభై ఆరులో ఒక ఆదివారం, ఉక్కునగరం క్వార్టర్లో తోడల్లుళ్లిద్దరూ భోజనానికి కూర్చున్నారు. అత్తగారు పెద్దల్లుడి కంచంలో వంజరం చేప తలకాయ, చిన్నల్లుడి కంచంలో తోకముక్క వేసి వంటింట్లోకి వెళ్లింది.

"అన్నియ్యా, ఎప్పుడూ తలకాయ నీకేనేటి? నాలుగేళ్లనుంచి నాకు తోకే."

"నాను పెద్దల్లుణ్ణి కదరా. నువ్వు పనిసేసే కాలేజీ ల్యాబులో తలకాయలు లేవేటి?"

"ఉన్నాయి. గెడ్డనీళ్లలో రాళ్లకింద దొరికే సన్నటి పురుగుని మేస్టారు బ్లేడుతో అడ్డంగా కోసీసేరు. గాజుగిన్నెలో నీళ్లు మార్సింది నానే."

"సచ్చిపోయిందా?"

"ఎందుకు సత్తది? రెండు వారాల్లో తలముక్కకి తోక మొలిసింది, తోకముక్కకి తల మొలిసింది. రెండు కళ్లతో సహా!"

"ఊరుకోరా! తోకకి బుర్ర ఎక్కణ్ణుంచి వత్తది?"

"ఒంట్లో మిగిలిన కణాలే కొత్త బుర్ర కట్టుకుంటాయని మేస్టారు సెప్పేరు. ఈ వంజరం కూడా అలాటిదైతే, నా తోకముక్కని బకెట్లో ఏసి పెంచుకుందును."

"మరింకేటి, నీకూ తలకాయ దొరుకును కదా."

"ఎక్కడ దొరుకును? ఆ మొలిసిన తలకాయ కూడా అత్త నీకే ఏసెత్తది!"

"బకెట్టు నాను కొనిత్తాన్లేరా."