రొద్దం పిన్‌కోడు, ఈరక్క మగ్గం

1999 ఆగస్టు 2వ తేదీన శ్రీమతి కళావతి గారు హిందూపురంలోని మా సంస్థలో, మగ్గాలను నడిపే కంట్రోలర్లకు ప్రోగ్రాములు రాసే ఉద్యోగినిగా చేరారు. రోజూ రొద్దం నుంచి బస్సులో వచ్చి వాచ్‌మన్ కన్నా ముందే గేటు దగ్గర నిలబడే ఆమె, క్రమంగా బూట్ లోడర్ విభాగానికి అధిపతి అయ్యారు. కరెంటు రాగానే అన్నింటికన్నా ముందు మేల్కొని, కంట్రోలర్‌కు తగిలించిన విడిభాగాల్లో ఏ మాడ్యూల్ ఏ రకానిదో దాని నంబరును బట్టి పోల్చుకుని పనిలో పెట్టే చిన్న ప్రోగ్రామే బూట్ లోడర్. ఒక రకానికిచ్చిన నంబరు మరో రకానికి ఉండకూడదు.

వారి వృత్తిజీవితంలోని ఏకైక విచారం ఆ నంబరు దగ్గరే మొదలైంది. చీర డిజైన్ మాడ్యూల్‌కు ఆమె తన ఊరి పిన్‌కోడునే నంబరుగా పెట్టారు. దారం బిగువు చూసే మాడ్యూల్‌కు పెనుకొండ శాఖలోని హరీష్ గారు నంబరు ఎంచారు. ఆ రెండూ మొదటిసారి కలిసింది ధర్మవరంలో, ఈరక్క అనే నేతకారిణి మగ్గం మీద. లోడర్ ఒకదాన్ని ఇంకొకటనుకుంది. బిగువు తప్పి, పట్టు పడుగంతా తెగిపోయింది.

"నువ్వు గూడా రొద్దం పిన్‌కోడే పెట్టినావా హరీషూ?"

"మనూరి నంబరు ఇంగెవురు పెడతార్లే అనుకుంటినక్కా!"

"నేనూ అదే అనుకుంటి గదప్పా..."

ఆఫీసంతా నవ్వింది, ఆమె తప్ప. మర్నాడే ధర్మవరం వెళ్లి ఈరక్క ముందు నిలబడ్డారు.

"మీ ఇద్దరికీ ఊరి మింద ప్రేమ, తెగేది నా పడుగా?" అంది ఈరక్క.

ఆపైన నంబరును మనిషి ఇష్టానికి వదలక, యంత్రం చేతనే పొడుగాటి సంఖ్యను యాదృచ్ఛికంగా తీయించి, శాఖలన్నింటికీ చూపించి, మాడ్యూల్ మూలపడినా దాని నంబరు మరొకదానికి ఇవ్వకూడదనే కట్టుబాటు ఆమె తెచ్చారు. మళ్లీ ఏ మగ్గమూ పొరబడలేదు. అయినా ఈరక్క మాత్రం మా కంట్రోలర్‌ను తిరిగి గడప తొక్కనివ్వలేదు. అడగడం కళావతి గారు మానలేదు. పోయిన వారం కూడా వెళ్లారు.

"రామ్మా కళావతమ్మా, కాఫీ తాగిపో. మగ్గం మాత్రం ముట్టద్దు."

ఆమె కాఫీ తాగి, తిరుగు బస్సెక్కారు.

ఈరక్క నోట "ముట్టుకోమ్మా" అనే మాట వినేదాకా, విన్న తరువాత మరెన్నో ఏళ్లూ, ధర్మవరం బస్సెక్కే ఓపికతో, చక్కని ఆరోగ్యంతో కళావతి గారు నిండుగా జీవించాలని ఈ పదవీ విరమణ వేళ మనసారా కోరుకుంటున్నాము.