గడ్డం కింది గాటు

ఆ తలుపు తోస్తే రాదమ్మా, కాస్త పైకెత్తి తొయ్యి. ఆ, అలా. నీ చెల్లెలి ఫోటోలు రెడీ, పోలీసులకి నాలుగన్నావుగా, ఆరు తీసి ఉంచాను. ఏంటీ, అక్కర్లేదా? వచ్చేసిందా? నిన్న పొద్దున్నా? హమ్మయ్య, చల్లటి మాట చెప్పావు తల్లీ. ఈ మూడు రోజులూ మీ వీధివైపు రావడానికే నాకు కాళ్ళాడలేదు. మరి ఏమన్నా చెప్పిందా, ఎక్కడికెళ్ళిందో, ఎందుకెళ్ళిందో? ఓహో, అడగొద్దన్నారా మీ నాన్నగారు. ఊఁ. అయితే ఒక్క నిమిషం కూర్చో. ఆ స్టూలు వద్దు, కుర్చీ లాక్కో.

మా అక్కకో కూతురుండేది. పోయి చాలా కాలమైందిలే, నువ్వు పుట్టక ముందు మాట. వసపిట్ట అని పిలిచేవాళ్ళం. బడి నుంచి ఇంటికి రెండు వీధులే, కానీ ఆ రెండు వీధుల్లో ఏం జరిగిందో చెప్పడానికి దానికి సాయంత్రమంతా సరిపోయేది కాదు. మా బావ లేతు మిషను దగ్గర పనిచేసేవాడు, ఆ రొదకి చెవులు సగం పోయాయి. ఆయనకి కూడా దాని మాట మాత్రం వినపడేది. అట్లాంటి పిల్ల పదిహేనో ఏట ఓ రోజు బడి నుంచి రాలేదు. వెతకని చోటు లేదు. మేడ మీద గదిలో ఓ లెక్కల మాస్టారు అద్దెకుండేవాడు, అందరికంటే ముందు నడిచింది వాడే. రైల్వే స్టేషనన్నాడు, చెరుకు మిల్లు వెనకాలన్నాడు, మా అక్కకి మంచినీళ్ళు కూడా వాడే అందించాడు. ఎంత మంచివాడో అనుకున్నాను. అనుకున్నానమ్మా, నా బుద్ధి అంత.

నాలుగో రోజు అదే వచ్చేసింది. మాసిన గౌను, గడ్డం కింద ఇదిగో ఇంత పొడుగు గాటు. గోడ దూకానంది, అంతే. ఇంకో మాట రాలేదు. మా అక్క ఏడుస్తూనే తల దువ్వింది. మా బావ అందరినీ నిలబెట్టి, "పిల్ల వచ్చింది, చాలు. ఇంట్లో ఎవడన్నా దాన్ని ఒక్క మాట అడిగాడా, ఊరుకోను" అన్నాడు. మాస్టారు పక్కనుంచి, "అవునన్నయ్యగారూ, పసిపిల్ల బెదిరిపోయింది, ఏం కదపకండి" అన్నాడు, మెత్తగా. అందరం నోరు కుట్టేసుకున్నాం. పరువనుకున్నాం, జాలి అనుకున్నాం, ఏదో అనుకున్నాం. వసపిట్ట మాట్లాడటం మానేస్తే, పోన్లే పెద్దదైంది, కుదురొచ్చింది అనుకున్నాం చూడు, అదీ మా తెలివి.

ఓ మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి నడవలో పడుకుని ఉంది. గోడకి వీపు ఆనించి, ముఖం గుమ్మం వైపు. కాళ్ళకి చెప్పులు, వాటి పట్టీలు కూడా బిగించి. ఏంటే, చెప్పులేసుకుని పడుకున్నావంటే, మర్చిపోయాను మామయ్యా అంది. నవ్వేసి వచ్చేశాను. చెప్పులు ఎవరైనా మర్చిపోతారు, పట్టీ బిగించుకుని మర్చిపోతారా?

ఆ నెలలోనే పరీక్ష ఫారానికి ఫోటో కావాలని ఇక్కడికొచ్చింది. తీశాను. అప్పట్లో ఏ ఫోటో అయినా టచింగ్ చెయ్యందే ఇచ్చేవాణ్ణి కాదు. నెగెటివ్ కింద దీపం పెట్టి, సూదిలా చెక్కిన పెన్సిలుతో మచ్చలూ మొటిమలూ పూడ్చడం. నా చేతికి ఊళ్ళో పేరుండేది, పెళ్ళిచూపుల ఫోటోలకి క్యూ కట్టేవాళ్ళు, సరే అదంతా ఎందుకులే. దాని నెగెటివ్ ముందేసుకుని గాటు పూడుస్తున్నాను. ఫోటో కోసం తొందరపెట్టలేదది. ఆ స్టూలు మీద కూర్చుని, "మామయ్యా, ఓ మాట" అంది. తల ఎత్తకుండానే, "ఉండమ్మా, ఈ ఒక్క గీతా అయిపోనీ" అన్నాను. అయింది. చాలా బాగా వచ్చింది. చూపిద్దామని తలెత్తితే స్టూలు ఖాళీ.

వారం తిరక్కుండా మళ్ళీ వెళ్ళిపోయింది. ఈసారి రాలేదు. పోలీసులు ఫోటో అడిగితే నేనే ఇచ్చాను, ఆ ఫోటోనే. గోడల మీద అంటించారు, పై ఊళ్ళకి కూడా పంపారు. గడ్డం నున్నగా, అద్దంలా.

పన్నెండేళ్ళకి ఓ ఆస్పత్రి నుంచి ఉత్తరం వచ్చింది. నేనూ అక్కా వెళ్ళాం. దానికి ఇరవై ఏడు. మా అక్కకి అక్కలా ఉంది. హోటళ్ళలో అంట్లు తోమిందట, బస్టాండుల్లో పడుకుందట, ఎవరెవరి పంచనో ఉందట. ఊపిరితిత్తులు పాడైపోయాయి. ఇంటికి తెచ్చుకున్నాం, ఎనిమిది నెలలుంది. గది తలుపు గడియ పెడితే వణికిపోయేది. అప్పుడు చెప్పింది, మాస్టారి సంగతి. వాడెప్పుడో గది ఖాళీ చేసి పోయాడు, మర్యాదగా, మా బావ చేత సామాను మోయించుకుని.

ఇంకోటి కూడా చెప్పింది. వెళ్ళిన రెండో నెల జ్వరమొచ్చి ఏదో ఊళ్ళో ఆస్పత్రిలో పడిందట. గోడ మీద ఈ ఫోటో. ఆయమ్మ దాన్నీ దీన్నీ మార్చి మార్చి చూసి, "నువ్వేనా? కాదులే, ఈ పిల్లకి గాటు లేదు" అందట. ఇది తలూపిందట. "ఇంకొక్కసారి అడిగుంటే అవునని చెప్పేదాన్ని మామయ్యా. ఇక్కడ స్టూలు మీద కూడా అంతే, నువ్వు తలెత్తితే చెబుదామని కూర్చున్నాను." కోపంగా అనలేదమ్మా. అదే నాకు.

అందుకే నాకు భయంగా ఉంది. మొన్న నువ్వు ఫోటో ఇచ్చినప్పటి కంటే ఇప్పుడు ఎక్కువ భయంగా ఉంది. వచ్చేసింది కదా అని మీరంతా ఊపిరి పీల్చుకున్నారు చూడు, అదే భయం. నువ్వు అడుగు. మీ నాన్నగారు తిడితే తిట్టనీ. చెయ్యి పట్టుకుని, పక్కన కూర్చుని, చేతిలో ఏ పనీ పెట్టుకోకుండా అడుగు. చెప్పకపోతే రేపు మళ్ళీ అడుగు. ఇంతకీ ఎలా పడుకుంటోంది? ఏంటలా చూస్తున్నావు? నేను ఊరికే అడిగానమ్మా. ఆ.

చెప్పులతోనా.

ఇప్పుడు ఇంట్లో ఎవరున్నారు దాని దగ్గర? మీ బాబాయా? ఆయన ఎప్పటినుంచి ఉంటున్నాడు మీ ఇంట్లో?

లే. ఫోటోలు తర్వాత, ముందు లే. ఆ తలుపు పైకెత్తి లాగు.