పెట్టె మూస్తే ఆగిపోయే బోర్డు

కంప్యూటర్ పత్రిక ఆఫీసులో, పరికరాల పరీక్ష గదిలో అరచేతంత మదర్‌బోర్డు మూడోసారీ వేడెక్కి ఆగిపోయింది. దాని మీద సమీక్ష రాసిన ఆమె పత్రిక కొత్త సంచిక తెచ్చి సంపాదకుడి ముందు పెట్టింది.

“అన్నా, ‘చిన్న కంప్యూటర్‌కి ఇంతకన్నా మంచి బోర్డు లేదు’ అని నేనెప్పుడు రాశాను?”

“కాస్త మెరుగులు దిద్దానమ్మా. ఆ కంపెనీవాళ్లు మనకు కావాల్సినవాళ్లు.”

“కంప్యూటర్ పెట్టె మూస్తే గంటలో ఆగిపోతోందని రాశాను. ఆ ముక్కే లేదు.”

“అంత లోతుగా ఎవరు చదువుతారు?”

“మా అక్క చదివింది. కింద నా పేరు చూసి, తన క్లినిక్‌కి ఆ బోర్డున్న కంప్యూటర్లు నాలుగు కొనేసింది.”

“అయ్యో! నిజం చెప్పావా?”

“చెప్పాను. ‘అచ్చులో ఒకటి, నోటితో ఒకటా?’ అని ఫోన్ పెట్టేసింది.”

అతను సంచిక మూసి పక్కన పెట్టాడు.

“వచ్చే సంచికలో సవరణ వేస్తారా?”

“అది మాత్రం అడక్కమ్మా.”

“ఉన్నది ఉన్నట్టు రాయమని నాకు నేర్పింది మీరే కదన్నా!”

ఆమె పరీక్ష గది తాళాలు అతని బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది.