కరువేటి రింగు

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ పోయే బస్సులో నా ముందు సీట్లో ఒక కలప కోతమిల్లు పనివాడు, హిమాలయాల్లో పరిశోధన ముగించుకొచ్చిన ఆయన కూతురు కూర్చున్నారు.

"మంచుకొండల కాడ చెట్లతో ఏం పనిమ్మా నీకు?"

"ఆడ మంచు, నది మాదిరి జారుతాది నాయనా. అట్ల ముందుకొచ్చి పాత చెట్లను పడగొట్టింది. వాటి మాన్లలో ఏడాదికొకటి పడే రింగులు లెక్కబెడితే అది ఏ ఏడు వచ్చిందో తెలుస్తాది. మిగతా చెట్లతో పోలిస్తే ఒక మాను లెక్క ఏడాది తక్కువొస్తాండె. మూన్నెల్లు తిప్పలుపడినా."

"అందుకేనా ఆ పొద్దు ఫోన్లో ఏడ్చినావు?"

"ఊ. నువ్వేం చెప్పినావో గుర్తుందా?"

"కరువేడు కొన్ని మాన్లకు ఒకపక్క రింగు పడదు, రెండోపక్క చూడమంటి. దుంగలు కోసేటప్పుడు శానాసార్లు చూసినాలే."

"రెండోపక్క చూస్తే దొరికింది నాయనా, తల ఎంటికంత సన్నగా. లెక్క సరిపాయె. డాక్టరేట్ ఇచ్చినారు."

"నా మాట అంత పనికొచ్చిందా?"

"ఇదో నా పరిశోధన పుస్తకం, మొదటి పేజీ చూడు. నీ పేరు తెలుగులోనే రాసినా."

ఆయన వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కుని "యేసురత్నం" అని చదివాడు. తర్వాత వెనక్కి తిరిగి పుస్తకం నా చేతికిచ్చాడు.

"అప్పా, ఈడ ఏముందో కొంచెం గట్టిగా చదువు. బస్సంతా వినపడాల."