రుచి మేస్త్రి నాలుక

నమ్మబుద్ధి కాకపోతే ఇప్పుడే లేచిపో అబ్బాయ్, తలుపు తీసే ఉంది. సగం విన్నాక నవ్వితే మాత్రం ఊరుకోను. కొత్త పద్ధతిలో వ్యాపారం పెడితే దేశమే బాగుపడుతుందని వచ్చినప్పటి నుంచీ ఊదరగొడుతున్నావు కదా, ఆ మాట నేను నలభై ఏళ్ళ కిందటే అన్నాను, అదీ మా మామగారి మొహం మీదే. మీ అత్తయ్య వాళ్ళ నాన్న. అద్దకాల వీధిలో ఆయన్ని రుచి మేస్త్రి అనేవాళ్ళు. నీలం బాన గుడ్డ ముంచడానికి పండిందో లేదో వేలితో ఓ చుక్క నాలుక మీద పెట్టుకుని చెప్పేవాడు. ఎలాంటి నాలుకనుకున్నావు, బానలో ఈగ పడితే ఆడదో మగదో చెప్పేది. సరే, ఈగ సంగతి వదిలెయ్. బావి కూడా అంతే. పొద్దున్నే ఆయన పుక్కిట పట్టి "ఊఁ, తోడుకోండి" అంటేనే వీధిలో బిందెలు కదిలేవి.

బాన పండటానికి ఇరవై రోజులు పట్టేది. నేను ఊళ్ళన్నీ తిరిగి, ఏవేవో పొడులు కలిపి, గంటలో పండే బాన కనిపెట్టాను. దేశంలో సగం జనం ఒంటి మీద నా నీలమే. మేం ఆరేసిన గుడ్డల్ని చూసి ఆకాశం సిగ్గుపడేది. వీధిలో పని లేనివాడు లేడు. "మామగారూ, పొడికి కొలత ఉంది, మీ నాలుకకు ఇక సెలవివ్వండి" అన్నాను. వింటేనా? "రుచి చూడని బానలో గుడ్డ ముంచితే నన్ను ముంచినట్టేనయ్యా" అన్నాడు. నెలకు రెండు బానలు చూసే మనిషి రోజుకు ముప్పై చూశాడు. నేనేమో కొనేవాళ్ళ ముందు "పెద్దాయనే నాకుతున్నాడు, ఇంకేం భయం" అని గొప్పలు పోయాను.

ఒక మధ్యాహ్నం మీ అత్తయ్య నన్ను వంటింట్లోకి పిలిచింది. నాన్నకు గ్లాసుడు నీళ్ళలో గుప్పెడు ఉప్పు కలిపి ఇచ్చిందట. గటగటా తాగి "చల్లగా ఉన్నాయమ్మా" అన్నాడట. "ఆయన నాలుక చచ్చిపోయిందండీ. రోజూ బావి బాగుందంటున్నది ఆ నాలుకే. మీ బానలు కడిగిన నీళ్ళు ఎక్కడ ఇంకుతున్నాయో తెలియదా? వీధిలో చెప్పండి" అంది. పెద్ద సరుకు వెళ్ళాల్సిన వారం. అది వెళ్ళాక చెబుదాంలే అన్నాను. తరవాత ఇంకో సరుకు. ఆయనకు తెలియదా అంటావా? తెలియకేం. రుచి మేస్త్రి తనకు రుచి తెలియడం లేదని ఏ నోటితో చెప్పుకుంటాడు? రోజూ పుక్కిట పట్టాడు, కళ్ళు మూసుకున్నాడు, తోడుకోమన్నాడు. అలా రెండేళ్ళు. ఏడుగురు పసివాళ్ళు పోయారు. నేను ఏ లెక్కనైనా పెంచి చెప్పే మనిషినే, ఇది పెంచలేదు. అందులో మా చిన్నది కూడా ఉంది. అది పోయిన రోజు నుంచి ఆయన మళ్ళీ నోరు తెరవలేదు, అన్నానికి కూడా. బావి పూడ్చారు, వీధి ఖాళీ అయింది.

అలాంటి నీలం మాత్రం మళ్ళీ ఎవడూ వెయ్యలేదు, రాసి పెట్టుకో. నమ్మవా? మీ అత్తయ్యను అడుగు, లోపలే ఉంది. ఈ ఇంట్లో ఇప్పటికీ పొద్దున్నే మొదటి గుక్క తనే తాగి, తరవాతే నాకిస్తుంది. ఇన్నేళ్ళలో నీళ్ళు బాగున్నాయని ఒక్కసారీ అనలేదు. వెళ్ళు, అడుగు.