జేగురు రంగు రైలుపెట్టె

మధ్యాహ్నం వేళ, పళ్ళ డాక్టరుగారింటి వెనకగది. బల్ల ముందు డాక్టరుగారి భార్య. గుమ్మంలో ఆవిడ చెల్లెలు, పోస్టాఫీసు నుంచి భోజనం విరామంలో వచ్చింది.

"బావకి నడుం పట్టేసిందా? ఏ నడుం? పొద్దున బస్సులోంచి చూశాను. స్టూలెక్కి క్లినిక్ బోర్డు తుడుస్తున్నాడే, ఆ నడుమేనా?"

"ఆ నడుమే. దిగేటప్పుడు పట్టేసింది."

"సరిగ్గా ఆదివారం దాకా పట్టి ఉండేలా దిగాడన్నమాట."

"వచ్చినదానివి కూర్చోవే. ఆ కుర్చీ కాదు, దాని మీద చక్రాలు ఆరుతున్నాయి."

"కుర్చీ మీద చక్రాలు, మంచం మీద కిటికీలు. మనుషులెక్కడ కూర్చుంటారక్కా ఈ ఇంట్లో?"

"ఆ స్టూలు లాక్కో. ఫ్రిజ్జు మాత్రం తెరవకు, పాలగిన్నె పక్కన జిగురు పెట్టారు."

"నలభై తొమ్మిదేళ్ళ మనిషి. ఊళ్ళో సగంమంది ఈయన ముందు నోరు తెరిచి కూర్చుంటారు. సాయంత్రమయ్యేసరికి ఈయన మూరెడు బొమ్మ రైలు ముందు నోరు తెరిచి కూర్చుంటాడు."

"బొమ్మ అనకు, వింటే అన్నం మానేస్తారు. చారిత్రక నమూనా అనాలి. నిజం పెట్టెకి నలభై అయిదో వంతు. కిటికీ నిజంగా రెండడుగులుంటే ఇక్కడ ఎంతుండాలో నిద్రలో లేపి అడిగినా చెబుతారు."

"పెళ్ళిరోజు ఎప్పుడో అడిగి చూడు, అదీ చెబుతాడేమో."

"అంత దూరం పోకు."

"సరే, అసలు సంగతి చెప్పు. ఆ రైలు మ్యూజియం వాళ్ళు ఇంటికి ఉత్తరం రాసి రమ్మంటే వెళ్ళననడమేమిటి? ఇన్నాళ్ళూ ఆ స్కేలు మాస్టారి మీద చిందులేసింది దీనికోసమే కదా?"

"స్కేలు మాస్టారి మాట ఎత్తకు. ఒళ్ళు మండుతుంది."

"అంత గొప్పవాడా?"

"డ్రాయింగు మాస్టారుగా రిటైరయ్యాడు. జేబులో స్టీలు స్కేలు, మెడలో భూతద్దం. రైలు నమూనాల క్లబ్బులో ఎవరు ఏ పెట్టె తెచ్చినా ముందు స్కేలు పెడతాడు, తర్వాత పెదవి విరుస్తాడు. పాత పెట్టెల మీద ముప్ఫై ఏళ్ళ కిందట ఒక పుస్తకం రాశాడు. అందులో ఏముంటే అదే వేదం. మొదటి తరగతి పెట్టెలన్నీ ముదురు మెరూన్ అని రాశాడు గనక, క్లబ్బులో పద్ధెనిమిదిమందీ ముదురు మెరూనే పూశారు. గొర్రెలు నయం, అప్పుడప్పుడైనా పక్కకి చూస్తాయి."

"బావ మాత్రం చూశాడా పక్కకి?"

"ఆయన చూడలేదులే. నోట్లోకే చూశారు. నిరుడు ఒక ముసలాయన కట్టుడుపళ్ళకి వచ్చాడు. చిన్నప్పుడు రైలు కార్ఖానాలో రంగులు నూరేవాడట. కుర్చీలో కూర్చుని గోడమీది ఫొటో చూసి, ఇవి మెరూన్ పెట్టెలు కావు బాబూ, మా రోజుల్లో జేగురు, కిటికీల కింద సన్నటి ఆకుపచ్చ గీత అన్నాడు. పళ్ళు లేవు గనక సగం అర్థమైంది, సగం మీ బావ ఊహించుకున్నారు. ఇక ఆ రాత్రి నుంచి అదే ధ్యాస. పోటీకి జేగురు పెట్టె చేస్తానని కూర్చున్నారు. పల్చటి చెక్క, పళ్ళు అరగదీసే మరతో కిటికీలు, పళ్ళ అచ్చుపోసే పిండితో సీట్లు. నాలుగు నెలలు."

"రంగు?"

"ఏ రంగు?"

"జేగురే. ముసలాయన నోటిమాటగా చెప్పిన రంగు ఎలా కలిపాడు?"

"కలిసింది."

"కలవడమేమిటి, దానంతటదే కలుస్తుందా?"

"ఏదో కలిసింది లేవే. ఆ గుడ్డ ఇటివ్వు, కుంచె ఎండిపోతోంది."

"నువ్వు కుంచెలు కడగడమేమిటక్కా? పనిమనిషివా? ఆయనగారు బొమ్మలాడుకోవడం, నువ్వు గిన్నెలు కడిగినట్టు కుంచెలు కడగడం."

"మూడు వెంట్రుకల కుంచె. ఆయన కడిగితే రెండు మిగుల్తాయి. వింటావా, వద్దా?"

"చెప్పు."

"పోటీకి పట్టుకెళ్ళారు. స్కేలు మాస్టారు భూతద్దం తీశాడు. ఈ మూలనుంచి ఆ మూలదాకా చూశాడు. అందరూ చుట్టూ మూగారు. అప్పుడు నెమ్మదిగా అన్నాడట, 'డాక్టరుగారూ, పళ్ళకి పూయగా మిగిలిన సిమెంటు దీనికి పూశారా?' అని. పద్ధెనిమిదిమందీ నవ్వారు. మీ బావ ముసలాయన సంగతి చెప్పబోతే, పళ్ళులేని నోటి సాక్ష్యం మా పుస్తకాల్లో చెల్లదన్నాడు. మళ్ళీ నవ్వారు. ఆ పెట్టెని కిటికీ పక్కన పెట్టారు, గొడుగులు పెట్టేచోట."

"బావ ఏమన్నాడు?"

"అక్కడా? ఏమీ అనలేదు. ఇంటికొచ్చి అన్నారు, రెండు గంటలు. మర్నాడు ఒకాయనకి కుడివైపు పన్ను పీకాల్సింది, ఎడమవైపు మత్తిచ్చారు."

"మాటలు కోటలు దాటుతాయి, కాళ్ళు గడప దాటవు. మన నాన్న ఆ మాట ఈయన్ని చూడకముందే నేర్చుకున్నాడు, పాపం."

"దాటారు. గడప దాటారు, ఊరూ దాటారు. ఆ రకం పెట్టె నిజంది ఒక్కటే మిగిలింది, మ్యూజియం షెడ్ల వెనక పిచ్చిమొక్కల్లో పడి ఉంది. సెలవు పెట్టి వెళ్ళారు. గొడుగు పట్టుకోడానికి నన్నూ తీసుకెళ్ళారు."

"ఆహా, విహారయాత్ర."

"తలుపు బందు ఒకటి ఊడి వేలాడుతోంది. దాని కింద ఎండా వానా తగలని చోటు అరచేయంత ఉంది. మీ బావ పళ్ళు గీకే పుల్ల తీసుకుని మొదలుపెట్టారు. పైన బూడిదరంగు. దాని కింద నీలం. దాని కింద మెరూన్. మెరూన్ చూడగానే అయిపోయిందనుకున్నాను, ఆ మాస్టారిదే నిజమైందే అని. ఇంకా గీకండి అన్నాను. చెయ్యి నొప్పి పుడుతోందన్నారు. అయినా గీకండి అన్నాను. ఇంకాస్త గీకారు. అప్పుడు ఆపండి అన్నాను."

"ఎందుకు ఆపమన్నావు?"

"జేగురు. ఇటుకపొడిలో ఒక చుక్క ఇంగువ... ఛ, ఏమంటారు, ఎండిపోయిన నెత్తురులో కాస్త పసుపు కలిసినట్టు. కొత్తగా, తడిగా ఉన్నట్టే ఉంది. డెబ్భై ఏళ్ళు ఆ బందు కింద దాక్కుంది. నాకు ఏడుపొచ్చింది, నవ్వకు."

"నవ్వట్లేదు. బావకి రాలేదా ఏడుపు?"

"ఆయన నా మొహంకేసి చూస్తూ ఉన్నారు. 'వచ్చిందా?' అన్నారు. వచ్చిందన్నాను. పెచ్చు తీసి డబ్బాలో పెట్టుకున్నారు."

"తర్వాత మాస్టారి మొహాన కొట్టాడా?"

"క్లబ్బులో బల్లమీద పెట్టారు. మాస్టారు భూతద్దంలోంచి చాలాసేపు చూశాడు. స్కేలు తియ్యలేదు. గోరంత పెచ్చు చూసి చరిత్ర తిరగరాస్తారా అని లేచిపోయాడు. కానీ ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆ నోటా ఈ నోటా మ్యూజియందాకా వెళ్ళింది. వాళ్ళు ఆ పాత పెట్టెకి మళ్ళీ రంగు వేయించబోతున్నారట. ఏ రంగో తేల్చాలి. ఆదివారం రమ్మన్నారు. పన్నెండు పలకల మీద పన్నెండు రంగులు పూసి పెడతారు. అందరి ముందూ సరైనది చూపించాలి. అది చాలదు, అక్కడే డబ్బాలు తెరిచి, వాళ్ళ పెయింటరుకి కలిపి చూపించాలి. మాస్టారూ ఉంటాడు."

"ఇంకేం. ఏడాది నుంచి నూరుతున్న కత్తి. తీరా యుద్ధానికి రమ్మంటే నడుంనొప్పి. ఇంట్లో పులి, వీధిలో పిల్లి అని ఇలాంటివాళ్ళని చూసే అన్నారు."

"ఆయనకి నిజంగానే బాగాలేదే."

"పిరికితనం అక్కా. పెచ్చు డబ్బాలో పెట్టుకుని తిరగడానికి ధైర్యం కావాలా? కలపమంటే కదా తెలిసేది. ఇదివరకు క్లబ్బు పోటీల్లో మూడు కప్పులొచ్చాయి కదా, అన్నీ రంగు బాగుందనేగా? ముందుగదిలో పళ్ళ సెట్టు పక్కన వరసగా పెట్టుకున్నాడు కూడా. ఎవరొచ్చినా వాటి మీద చూపు పడేలా కుర్చీ తిప్పాడు. ఆ చేతులు ఒక్క ఆదివారం పని చెయ్యలేవా?"

"నెమ్మదిగా మాట్లాడు. పక్కనే ఉన్నారు."

"వినపడనీ. అడిగి వస్తానుండు."

"కూర్చోమంటుంటే. పేషెంటున్నాడు. అడగాల్సిందేమీ లేదు. వెళ్ళొద్దని నేనే అన్నాను. నడుంనొప్పని రాయమని కూడా నేనే చెప్పాను. చాలా?"

"నువ్వా? ఎందుకు?"

"ఎందుకో అందుకు. అందరిముందూ మళ్ళీ నవ్వులపాలవడం నాకిష్టం లేదు."

"సరైన రంగు చూపిస్తే ఎవరు నవ్వుతారు?"

"నీ డబ్బా తెరిచి తిను. నీ టైమైపోతోంది."

"ఏదో దాస్తున్నావు. ఆయనా దాస్తున్నాడు. గుమ్మంలో నా చేతికి ఒక కవరిచ్చి, మీ అక్కకి చూపించకుండా మూడుగంటల టపా సంచిలో వేసెయ్యమన్నాడు. మ్యూజియానికే. నడుంనొప్పి రాయమన్నది నువ్వైతే నీకు చూపించకపోవడమేమిటి?"

"ఏది? ఇలా ఇవ్వు."

"ఉండు, నేనే చదువుతాను. ఎంత అందంగా మూలిగాడో విందాం."

"తప్పు కదే, అతికించిన ఉత్తరం."

"పదకొండేళ్ళుగా కౌంటర్లో ఉన్నాను. ముద్ర పడేదాకా అది ఉత్తరం కాదు, కాగితమే. గోందు కూడా సరిగ్గా అంటలేదు, పళ్ళ సిమెంటు పూయాల్సింది. ఊఁ. 'అయ్యా, నాకు నడుంనొప్పి లేదు.'"

"ఏమిటీ?"

"అలాగే ఉంది. 'నడుంనొప్పి అని రాయమని మా ఇంట్లో అన్నారు. అలాగే రాసి, చింపేశాను. నాకు పుట్టుకతో ఎరుపుకీ ఆకుపచ్చకీ తేడా తెలియదు. మీరు పన్నెండు పలకలు పెట్టినా నాకు నాలుగో అయిదో కనిపిస్తాయి.' అక్కా?"

"ఆ గుడ్డ మళ్ళీ ఇటివ్వు."

"అక్కా, ఇది నిజమా? బావ కారు నడుపుతాడు కదా?"

"పైదీపం వెలిగితే ఆగుతారు, కిందది వెలిగితే కదులుతారు."

"నీకెప్పుడు తెలుసు?"

"పెళ్ళయిన రెండో నెలలో. నాకు ఆకుపచ్చ ఇష్టమని గొడుగు కొనుక్కొచ్చారు. గోధుమరంగుది. ఎంత సంబరంగా విప్పి పట్టుకున్నారంటే, చాలా బాగుందన్నాను. ఆ ఒక్కమాటతో ఇరుక్కుపోయాను. నాకు తెలుసని ఆయనకి తెలుసు. మాట మాత్రం ఎప్పుడూ అనుకోలేదు. ఆయన డబ్బాలు ఇక్కడ పెట్టి వెళ్ళేవారు. నేను కలిపేదాన్ని, పూసేదాన్ని. ఇంకా ఏముంది అందులో? చదువు."

"'పదిహేడేళ్ళుగా నా పేరున పోటీలకి వచ్చిన పెట్టెల్లో చెక్కపని నాది. రంగు నా భార్యది. మూడు కప్పులూ రంగుకే ఇచ్చారు. చెక్కపనికి ఎన్నడూ ఇవ్వలేదు, అదీ న్యాయమే. కప్పులు వెనక్కి తీసుకెళ్ళమని క్లబ్బువాళ్ళకి చెప్పండి. తలుపు బందు కింద ఆ రంగు కనిపెట్టింది ఆవిడ. నేను గీకాను, అంతే. ఎక్కడ ఆపాలో కూడా నాకు తెలియలేదు. ఈ సంగతి స్కేలు మాస్టారి ముందు చదివినా అభ్యంతరం లేదు. నవ్వితే నవ్వనివ్వండి.'"

"నవ్వుతాడు. వాడు నవ్వుతాడు."

"ఇంకా ఉంది. 'ఆదివారం ఆవిడ వస్తుంది. వస్తానని ఇంకా అనలేదు, నేనింకా అడగలేదు గనక. ఇన్నేళ్ళలో ఎప్పుడూ అడగలేదు, డబ్బాలు బల్లమీద పెట్టి వచ్చేసేవాణ్ణి. కాబట్టి దయచేసి ఆవిడ పేరున మీరే పిలుపు పంపండి. మీరు పిలిస్తే కాదనదేమో.' సంతకం. అంతే."

"అంతేనా?"

"అంతే. పక్కగదిలో ఉన్న పెళ్ళాన్ని అడగడానికి మ్యూజియం వాళ్ళని బతిమాలుకున్నాడు. ఇలాంటి మనిషిని నేను ఎక్కడా చూడలేదు. ఏం చెయ్యమంటావు దీన్ని? చింపెయ్యనా?"

"అతికించు."

"అక్కా?"

"బాగా అతికించు. ఈసారి ఊడకూడదు. మూడింటికి సంచి కట్టేస్తారుగా, లే."