ముందు నీకే ఇచ్చాను

ముందుది వెనకా, వెనకది ముందూ చెబుతానేమో అక్కా, అడ్డుపడకు. ఈమధ్య నాకన్నీ కలగాపులగం అయిపోతున్నాయి. బ్యాంకు నోటీసు ముందొచ్చిందా, స్కూలువాళ్ళు యూనిఫాంల ఆర్డరు రద్దు చేసింది ముందా అని లాయరు అడిగితే, రెండుసార్లు రెండు రకాలుగా చెప్పాను. ఆర్డరు పోవడమే ముందయ్యుండాలి. ఆర్డరుండగా నోటీసెందుకొస్తుంది, నువ్వే చెప్పు?

కాలు దిండు మీదే ఉంచు. నాకోసం లేవొద్దు. టీ తాగే వచ్చాను.

అయినా ఆ స్కూలువాళ్ళని ఏమనాలి? మీ మరిది పోయాక కూడా ప్రతి పిల్లాడి కొలతా నేనే తీసుకున్నాను. పెరిగే వయసు కదా అని చొక్కా అడుగున రెండు వేళ్ళ మడత ఎక్కువ వదిలేదాన్ని. ఫ్యాక్టరీ చొక్కాకి ఆ మడత ఉంటుందా? ఉండదు. చవగ్గా ఉంటుంది, అంతే. చవకతో ఎవరు పోట్లాడతారు?

ఆర్డరుందన్న ధైర్యంతోనే కదా కొత్త కుట్టు మిషన్లు వాయిదాల మీద తెచ్చిందీ, షావుకారు దగ్గర బట్ట అరువుకి తెచ్చిందీ. ఆ నీలం రంగు ఆ స్కూలు పిల్లలు తప్ప ఇంకెవరూ తొడుక్కోరు. తాన్లకి తాన్లు కొట్లో కూచుని నన్నే చూస్తున్నాయి.

దారులు లేవని కాదు. అప్పులకి సలహా చెప్పే ఆఫీసు ఒకటుంటే వెళ్ళాను. ఓ చిన్నపిల్ల కూచోబెట్టి, కాగితం మీద గీతలు గీసి మరీ చెప్పింది. చిల్లర అప్పులన్నీ కలిపి ఒకే పెద్ద అప్పు చేసుకోండి, వాయిదా ఒకటే ఉంటుందంది. పది దోమల్ని తోలేసి ఒక జలగని పెట్టుకోవడమన్నమాట. పైగా దానికి ఇల్లు తాకట్టు పెట్టాలి. అద్దిల్లమ్మా అన్నాను. ఆ గీత కొట్టేసింది.

బ్యాంకుతో రాజీ మాట్లాడదామా అంది. సగం ఒక్కసారే కట్టేస్తే మిగతాది వదిలేస్తారట. సగం చేతిలో ఉంటే నేనా మెట్లెందుకు ఎక్కుతాను? నెలనెలా కొంచెం కొంచెంగా కట్టే ఏర్పాటు కూడా చెప్పింది. వడ్డీ తగ్గిస్తారట, కానీ ఏళ్ళు పడుతుందట. నా వయసు అడిగి రాసుకుని, లెక్కకేసి ఓసారి చూసి, కలానికి టోపీ పెట్టేసింది. మంచి పిల్ల.

ఇక మిగిలింది ఐపీ. దివాలా. మన నాన్నకి ఎవరిమీదైనా కోపమొస్తే "ఐపీ పెట్టే రకం" అనేవాడు, గుర్తుందా? అంతకు మించిన తిట్టు రాదాయనకి. లాయరు మాత్రం జలుబుకి మందు రాసిచ్చినట్టు చెప్పాడు. కోర్టులో పిటిషను వేస్తే, ఉన్నది అమ్మి అప్పులవాళ్ళందరికీ వంతులు వేస్తారు. తీరనిది కొట్టేస్తారు. పొట్ట పోసుకోవడానికి ఒక మిషను వదిలేస్తారట. పాతది, కాలితో తొక్కేది. ఆ మాట విన్నాక కాస్త ఊపిరాడింది.

అప్పుడడిగాడక్కా. ఈమధ్య అప్పులవాళ్ళలో ఎవరికైనా, ముఖ్యంగా చుట్టాలకి, పూర్తిగా తీర్చేశారా అని. అలా ఒక్కరికే ముట్టజెబితే కోర్టు వెనక్కి తెప్పిస్తుందట. అందరికీ వడ్డించాల్సింది ఒక్కరి విస్తట్లోనే పెట్టినట్టు లెక్కట.

గుర్తులేదు బాబూ అన్నాను. నా నెరిసిన జుట్టు చూసి నమ్మాడు. ఈ మతిమరుపు ఇన్నాళ్ళకి నాకొక పని చేసిపెట్టింది.

నాకెందుకు గుర్తుండదు? నా బంగారు గాజులు అమ్మి, ఆ డబ్బుతో తిన్నగా ఇక్కడికే వచ్చాను. కాగితం ముక్క రాయించుకోకుండా, నీ మోకాలి ఆపరేషనుకని దాచుకున్నది తీసిచ్చినదానివి. అందరికంటే ముందు నీకివ్వకపోతే నేనేం మనిషిని అనుకున్నాను. నువ్వు లెక్కైనా పెట్టుకోకుండా తీసుకెళ్ళి బీరువాలో పెట్టావు. ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోయాను, చాలా రోజుల తర్వాత.

ఇవాళ పొద్దున కొట్టు సర్దుతుంటే కాజాలమ్మ వచ్చింది. అదే, మా కొట్లో చొక్కాలకి కాజాలు కుట్టే ఆవిడ. నువ్వొస్తే పని మానేసి నీతో కబుర్లు చెబుతూ కూచునేది, ఆవిడే. నెలల తరబడి జీతం బాకీ పడ్డాను. అడగడానికే వచ్చిందని తెలుస్తూనే ఉంది. నా మొహం చూసి, అయస్కాంతం తీసుకుని కిందపడ్డ సూదులు ఏరడం మొదలెట్టింది. కళ్ళజోడు కాడ విరిగితే దారంతో కట్టుకుంది. నీలం దారం, మాదే.

వెళ్ళేటప్పుడు, "మీ అక్కగారి కాలు ఎలా ఉందమ్మా, ఆపరేషను ఎప్పుడు?" అంది. అంతే. జీతం అడగడానికొచ్చి, అది అడిగి వెళ్ళింది.

కొట్టుకి తాళం వేసి లాయరు దగ్గరికెళ్ళాను. గుర్తొచ్చింది బాబూ అన్నాను. జీతాలవాళ్ళ వంతు ముందు తీస్తారటక్కా. కానీ తియ్యడానికి ఏదో ఒకటి ఉండాలి కదా. ఆ నీలం తాన్లు ఎవరు కొంటారు? ఉన్నదల్లా నీ బీరువాలో ఉంది.

అలా గోడకేసి తిరక్కు. తిట్టు. నాన్న తిట్టే ఉందిగా, అదే తిట్టు.

కోర్టు తరఫు మనిషి వస్తాడు. ఇచ్చెయ్యి. నీ పేరు కూడా అప్పులవాళ్ళలో రాయించాను, నీ వంతూ నీకొస్తుంది. మోకాలు మార్పించుకోవడానికి కాదులే. మోకాలికి రాసుకునే మందుకి సరిపోవచ్చు.

ఇదిగో, ఆ పేర్ల కాగితం. నా మీద కోపం తర్వాత పడుదువుగాని, ముందు కళ్ళజోడు పెట్టుకుని ఇది చూసిపెట్టు. ఎవర్నైనా మర్చిపోయానేమోనని భయంగా ఉంది. బ్యాంకు, మిషన్ల ఫైనాన్సువాళ్ళు, బట్టల షావుకారు, నువ్వు. ఇక్కడ ఖాళీ వదిలాను చూడు, అది కాజాలమ్మది. కాజాలమ్మ అంటే కోర్టు ఒప్పుకోదట. అసలు పేరు కావాలట.

మా కొట్లో కూచునే ముసలిదైపోయింది ఆవిడ. పేరు మర్చిపోయాననే అనుకుంటున్నాను. అసలెప్పుడూ అడగలేదేమో కూడా.

నీకు చెప్పే ఉంటుంది. ఏమిటక్కా ఆవిడ పేరు?